విదేశీ సైనికుల నేరాలు: ఆతిథ్య దేశంలో విచారణాధికారం

ఒక దేశపు సైన్యం మరో దేశం అనుమతితో అక్కడ మకాం పెట్టినప్పుడు, ఆ సైనికులు చేసే నేరాలను ఎవరి చట్టం కింద, ఎవరి న్యాయస్థానంలో విచారించాలన్నది అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో ఇప్పటికీ తెగని చిక్కు. దండెత్తి ఆక్రమించిన సైన్యం సంగతి వేరు, దానికి యుద్ధ నియమాలు ఉన్నాయి. ఈ వ్యాసం పిలిస్తే వచ్చిన సైన్యం గురించి, లేదా కనీసం కాగితం మీద పిలిచినట్టు కనిపించే సైన్యం గురించి.

ఇక్కడ రెండు వాదాలు ఢీకొంటాయి. తన నేల మీద జరిగిన నేరాన్ని విచారించే హక్కు తనదేనని ఆతిథ్య దేశం అంటుంది. సైనికుడు ఎక్కడున్నా తన అధికారి ఆజ్ఞకు, తన సైనిక చట్టానికి లోబడి ఉంటాడు కాబట్టి, పరాయి పోలీసులు అతణ్ణి పట్టుకుపోతే సైన్యం సైన్యంగా నిలవదని పంపిన దేశం అంటుంది. రెండింటిలోనూ న్యాయం ఉంది. అందుకే ఈ వ్యవహారాన్ని ఇప్పుడు దేశాల మధ్య ప్రత్యేక ఒప్పందాలు నడిపిస్తున్నాయి. వీటిని స్టేటస్ ఆఫ్ ఫోర్సెస్ అగ్రిమెంట్లు, అంటే బలగాల హోదా ఒప్పందాలు అంటారు. అమెరికా ఒక్కదానికే ఇలాంటివి వందకు పైగా దేశాలతో ఉన్నాయి.

వాటిలో ఎక్కువ పేజీలు ఏ కోర్టుకు అధికారం అన్న దానికే ఖర్చవుతాయి. చరిత్రకెక్కిన కేసులను వరసగా చూస్తే మాత్రం ఫలితాన్ని తేల్చినవి చాలాసార్లు రెండు చిన్న విషయాలే. ఘటన జరిగినప్పుడు సైనికుడు విధుల్లో ఉన్నాడని సంతకం పెట్టేది ఎవరు? కేసు నడిచినంత కాలం అతణ్ణి తమ దగ్గర ఉంచుకునేది ఎవరు?

తొలినాళ్లు

ఈ చర్చకు మూలంగా చెప్పే తీర్పు సైనికుల గురించి కాదు, ఓడ గురించి. అమెరికా పౌరుల ‘ఎక్స్ఛేంజ్’ అనే ఓడను నెపోలియన్ నౌకాదళం స్వాధీనం చేసుకుని యుద్ధనౌకగా మార్చుకుంది. అది తర్వాత తుపానుకు దెబ్బతిని ఫిలడెల్ఫియా రేవులో ఆగినప్పుడు, పాత యజమానులు తమ ఓడ తమకు ఇప్పించమని కోర్టుకెక్కారు. 1812లో అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఆ దావాను కొట్టేశారు. మిత్రదేశపు యుద్ధనౌకను రేవులోకి రానిచ్చిన రాజ్యం దాని మీద తన కోర్టుల అధికారాన్ని వదులుకున్నట్టేనన్నారు. తన నేల మీదుగా వెళ్లేందుకు పరాయి సైన్యానికి అనుమతి ఇచ్చినా అంతేనని ఉదాహరణగా చెప్పారు. ఆయన మాట దాటి వెళ్లే సైన్యం గురించి. ఏళ్ల తరబడి తిష్ఠవేసే సైన్యానికి దాన్ని సాగదీసింది తర్వాతివాళ్లు.

తిష్ఠవేసిన సైన్యం అంటే ఏమిటో తెలుగు నేలకు అంతకు ముందే తెలుసు. 1798 సైన్య సహకార ఒప్పందంతో నిజాం తన కొలువులోని ఫ్రెంచి అధికారుల దళాలను రద్దు చేసుకుని, ఈస్టిండియా కంపెనీ పటాలాలను తన ఖర్చుతో పోషించడానికి ఒప్పుకున్నాడు. 1800లో ఆ ఖర్చు కింద బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. దత్త మండలాలుగా పిలిచిన ఆ సీమే ఇప్పటి రాయలసీమలో చాలా భాగం. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఆ సైన్యం వేసుకున్న మకాం 1806 నుంచి సికిందరాబాదు అయింది. నేల నిజాందే అయినా కంటోన్మెంటులో కోర్టులు, పోలీసులు బ్రిటిష్‌వారివి. హైదరాబాదులోని బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లూ వాళ్ల ఏలుబడిలోనే ఉండి, 1933లో గానీ నిజాం చేతికి తిరిగి రాలేదు.

అలా వదులుకున్న అధికారం ఎంతవరకు పోతుందన్న ప్రశ్న కూడా హైదరాబాదు రాజ్యం నుంచే లండన్ దాకా వెళ్లింది. నిజాం ప్రజ ఒకరిని సిమ్లా మేజిస్ట్రేటు వారెంటుతో శంకర్‌పల్లి రైల్వే స్టేషనులో అరెస్టు చేశారు. స్టేషను రైలు భూమిలో ఉంది, రైలు భూమి మీద అధికారం తమకు అప్పగించారు కాబట్టి అరెస్టు చెల్లుతుందని బ్రిటిష్ ప్రభుత్వం వాదించింది. 1897లో లండన్‌లోని అప్పీలు న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. రైళ్లు నడపడానికి ఇచ్చిన అధికారం రైళ్లకు సంబంధించిన నేరాల వరకేనని, దాన్ని అడ్డం పెట్టుకుని వేరే నేరానికి పరాయి రాజ్యంలో మనిషిని పట్టుకోవడం చెల్లదని తేల్చింది. ఈ కేసు సైన్యానికి సంబంధించింది కాకపోయినా, ఏ పని కోసం రాయితీ ఇచ్చారో ఆ పని దాటి అది విస్తరించదన్న సూత్రం నేటి సైనిక ఒప్పందాల వాదనల్లో కూడా కీలకమే.

1942 నుంచి 1951 దాకా

రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది అమెరికా సైనికులు బ్రిటన్‌లో దిగారు. 1942లో బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, వాళ్ల నేరాల విచారణను దాదాపు పూర్తిగా అమెరికా సైనిక న్యాయస్థానాలకు వదిలేసింది. ఆ ఏడాదే భారత ప్రభుత్వం కూడా ఇక్కడికి వచ్చే అమెరికా బలగాల కోసం ఆర్డినెన్సు తెచ్చింది.

ఇలాంటి రాయితీ నేరస్థుడికి మేలు చేస్తుందని అనుకుంటాం. బ్రిటన్‌లో తలకిందులైన సందర్భాలున్నాయి. అత్యాచారానికి ఇంగ్లీషు చట్టంలో మరణశిక్ష లేదు, అమెరికా సైనిక చట్టంలో ఉంది. షెప్టన్ మాలెట్ జైల్లో అమెరికన్లు తమ సైనికులు 18 మందికి మరణశిక్ష అమలు చేశారు. 1944లో బాత్ నగరం దగ్గర ఒక నల్లజాతి సైనికుడికి బలహీనమైన సాక్ష్యంతో ఉరిశిక్ష వేస్తే, ఊరివాళ్లు కదిలి సుమారు 33 వేల సంతకాలతో విజ్ఞప్తి పంపారు. మిత్రపక్షాల సేనాధిపతి ఐసన్‌హోవర్ ఆ శిక్షను రద్దు చేశాడు. అతిథి సైనికుణ్ణి అతని సొంత కోర్టు నుంచి కాపాడటానికి ఆతిథ్య దేశపు ప్రజలు పూనుకున్న ఘట్టం ఇది.

యుద్ధం ముగిశాక సైన్యాలు వెనక్కి పోలేదు. శాంతికాలంలో కూడా యూరప్‌లో అమెరికా బలగాలు ఉండటం ఖాయమయ్యాక, 1951 జూన్ 19న లండన్‌లో నాటో దేశాలు బలగాల హోదా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. తర్వాత వచ్చిన ఒప్పందాలకు ఎక్కువగా నమూనా ఇదే.

దాని ఏడో అధికరణం విషయాన్ని మూడుగా చీల్చింది. ఒక దేశపు చట్టం కింద మాత్రమే నేరమయ్యే పనిని ఆ దేశమే విచారిస్తుంది. రెండు దేశాల చట్టాల కిందా నేరమైతే ఇద్దరికీ అధికారం ఉంటుంది, కానీ ఒకరికి ముందు వరస దక్కుతుంది. సైనికుడు తోటి సైనికుడికో, తన దేశపు ఆస్తికో చేసిన నేరంలోనూ, విధి నిర్వహణలో భాగంగా జరిగిన పని వల్ల పుట్టిన నేరంలోనూ ముందు వరస పంపిన దేశానిది. మిగతా అన్నిటా ఆతిథ్య దేశానిది. సెలవు రోజున తాగి కత్తితో పొడిచినవాణ్ణి స్థానిక కోర్టు, కవాతుకు పోతూ వాహనంతో గుద్దినవాణ్ణి సొంత సైన్యం విచారిస్తాయి.

మన సైనికులను పరాయి కోర్టులకు అప్పగిస్తారా అని అమెరికా సెనేట్‌లో బ్రికర్ వంటివాళ్లు మండిపడ్డారు. 1953లో సెనేట్ ఆమోదించింది. ఈ ఒప్పందం ఇరువైపులా ఒకేలా వర్తిస్తుంది, అంటే అమెరికా నేల మీద శిక్షణకు వచ్చే నాటో సైనికులకూ అదే నియమం. ఆసియాలో అమెరికా చేసుకున్నవాటిలో ఈ ఇరుపక్షాల గుణం సాధారణంగా కనపడదు.

ముందు వరస ఉన్న దేశం దాన్ని వదులుకోవచ్చు. అవతలి పక్షం అడిగితే సానుభూతితో పరిశీలించాలని ఒప్పందమే చెబుతుంది. పశ్చిమ జర్మనీ 1959 అనుబంధ ఒప్పందంలో తన ముందు వరసను ముందే గంపగుత్తగా వదులుకుని, పెద్ద కేసుల్లో నోటీసు అందిన 21 రోజుల్లోగా వెనక్కి తీసుకునే హక్కు ఉంచుకుంది. జపాన్ ఇంతే పని గుట్టుగా చేసింది. విశేష ప్రాధాన్యం ఉన్న కేసుల్లో తప్ప తన హక్కు వాడుకోనని 1953లో అమెరికాకు చెప్పిన సంగతి అర్ధ శతాబ్దం దాటాక పత్రాల ద్వారా బయటపడింది. బహిరంగంగా వదులుకున్నదాన్ని పార్లమెంటులో నిలదీయవచ్చు, రహస్యంగా వదులుకున్నదాన్ని నిలదీసే దారే ఉండదు. జర్మనీ, జపాన్ అనుభవాల్లో నాకు కనిపించే అసలు తేడా ఇదే.

విధుల్లో ఉన్నాడని ఎవరు చెప్పాలి

1957 జనవరిలో జపాన్‌లోని గున్మా ప్రాంతంలో సైనిక ఫైరింగ్ రేంజి మీద స్థానికులు ఖాళీ తూటా గొట్టాలు ఏరుకుంటున్నారు. ఆ ఇత్తడి అమ్ముకుంటే నాలుగు డబ్బులు వచ్చేవి. కాపలాకు ఉన్న విలియం గిరార్డ్ అనే అమెరికా సైనికుడు గ్రెనేడ్ లాంచరులో ఖాళీ గొట్టం పెట్టి పేల్చాడు. అది తగిలి ఒక గృహిణి చనిపోయింది. అతను విధుల్లో ఉన్నాడని అమెరికా అధికారి ధ్రువపత్రం ఇచ్చాడు. కాపలా కాయడం విధే, ఏరుకునే మనిషి మీద సరదాగా పేల్చడం ఏ విధి అని జపాన్ అడిగింది. చివరకు అమెరికా దిగివచ్చి అతణ్ణి జపాన్ కోర్టుకు వదిలింది. దాని మీద అమెరికాలో పెద్ద దుమారం రేగింది. అప్పగించవద్దని దిగువ కోర్టు ఆపితే, జూలైలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ ఉత్తర్వును కొట్టేసింది. మయెబాషి కోర్టు గిరార్డ్‌కు మూడేళ్ల శిక్ష వేసి, దాని అమలును నిలిపివేసింది. అతను జైలుకు పోకుండానే ఇంటికి వెళ్లాడు. హత్యానేరం కాకుండా తేలిక నేరం మోపేలా ముందే లోపాయికారీ అవగాహన కుదిరిందని తర్వాత వెల్లడైన పత్రాలు చెబుతున్నాయి.

విధి అన్న మాటను ఎంత దూరం సాగదీయవచ్చో జపాన్‌లోనే మరో ఉదాహరణ ఉంది. అధికారిక విందులో మద్యం తాగి కారు నడుపుతూ ఎవరినైనా గుద్దితే, ఆ ప్రయాణం కూడా విధుల కిందికి వస్తుందని దశాబ్దాల పాటు అన్వయించారు. ఆ వెసులుబాటు 2011 డిసెంబరులో గానీ తొలగలేదు.

ఇటలీ అనుభవం మరింత చేదు. 1998 ఫిబ్రవరి 3న అవియానో స్థావరం నుంచి శిక్షణకు ఎగిరిన అమెరికా మెరైన్ల ప్రౌలర్ విమానం ఆల్ప్స్ కొండల్లోని కవలేజె దగ్గర రోప్‌వే తీగను తెంపేసింది. కిందపడిన కేబుల్ కారులోని 20 మందీ చనిపోయారు. ఆ విమానం కనీసం రెండు వేల అడుగుల ఎత్తున ఎగరాలి, తీగ తెగింది నాలుగు వందల అడుగుల లోపే. ఇటలీ ప్రాసిక్యూటర్లు కేసు తమకే కావాలన్నారు. కానీ అది శిక్షణ విమానం, అందులో ఉన్నది విధుల్లో ఉన్న సిబ్బంది, కాబట్టి నాటో ఒప్పందం ప్రకారం ముందు వరస అమెరికాది. 1999 మార్చిలో నార్త్ కరోలైనాలోని కోర్టు మార్షల్ పైలట్‌ను నరహత్య ఆరోపణల నుంచి విడుదల చేసింది. విమానంలో తీసిన వీడియో టేపును నాశనం చేసినందుకు మాత్రం అతనికి ఆరు నెలల జైలు, ఉద్యోగం నుంచి తొలగింపు. 20 ప్రాణాలకు పడని శిక్ష ఒక టేపుకు పడిందని ఇటలీ భగ్గుమంది.

పరిహారం విషయంలో మాత్రం ఒప్పందం పనిచేసింది. ఇలాంటి సందర్భాల్లో ఆతిథ్య దేశమే ముందు చెల్లించి, 75 శాతం పంపిన దేశం నుంచి రాబట్టుకోవచ్చని ఎనిమిదో అధికరణం చెబుతుంది. బాధితులు విదేశీ సైన్యం చుట్టూ తిరగనక్కర లేకుండా తమ ప్రభుత్వాన్నే అడగవచ్చు. నేర విచారణ భాగానికి వచ్చినంత అపకీర్తి దీనికి రాలేదు, రావలసిన అవసరమూ లేదు.

దక్షిణ కొరియాలో 2002 జూన్ 13న యాంగ్జు దగ్గర విన్యాసాలకు పోతున్న అమెరికా సాయుధ వాహనం కింద పడి ఇద్దరు బడి పిల్లలు నలిగిపోయారు. దేశమంతా ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సంబరంలో ఉండటంతో మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. విచారణను తమకు వదలమని కొరియా న్యాయశాఖ అడిగింది. విధుల్లో జరిగింది కాబట్టి వదలబోమని అమెరికా బదులిచ్చింది. నవంబరులో అమెరికా సైనిక న్యాయస్థానం ఆ వాహనంలోని ఇద్దరు సైనికులనూ నిర్దోషులుగా వదిలేసింది. ఆ చలికాలం సియోల్ వీధులు కొవ్వొత్తులతో నిండిపోయాయి. కొరియా నిరసనల్లో కొవ్వొత్తి ప్రదర్శన ఒక ఆనవాయితీగా స్థిరపడటానికి ఇది ముఖ్య కారణం.

ఎవరి కస్టడీలో

విధులతో సంబంధం లేని నేరమైనా, ఆతిథ్య దేశానికి అధికారం ఉన్నా, నిందితుడు స్థావరం గోడల లోపల ఉంటే పోలీసులు ఏం చేయగలరు? జపాన్‌తో 1960 ఒప్పందం ప్రకారం, అమెరికా చేతిలో ఉన్న నిందితుణ్ణి ప్రాసిక్యూటర్లు అభియోగం మోపేదాకా అప్పగించనక్కర లేదు. ప్రశ్నించి సాక్ష్యం కూడగట్టాల్సిన రోజుల్లోనే మనిషి అందుబాటులో ఉండడన్న మాట.

దీని బరువంతా ఓకినావా మీద పడింది. జపాన్ భూభాగంలో 0.6 శాతం మాత్రమే ఉన్న ఈ దీవుల్లో, అమెరికా ప్రత్యేకంగా వాడుకునే స్థావరాల విస్తీర్ణంలో దాదాపు 70 శాతం ఉంది. 1972 దాకా దీవులు నేరుగా అమెరికా ఏలుబడిలోనే ఉన్నాయి. ఒక మహిళను కారుతో గుద్ది చంపిన సైనికుడు నిర్దోషిగా బయటపడటంతో రాజుకున్న కోపం 1970 డిసెంబరులో కోజా పట్నంలో అల్లర్లుగా పేలింది. 1995 సెప్టెంబరులో ముగ్గురు సైనికులు 12 ఏళ్ల బాలికను అపహరించి అత్యాచారం చేశారు. నిందితులను వెంటనే అప్పగించలేదు. అక్టోబరు 21న గినోవాన్‌లో సుమారు 85 వేల మంది గుమికూడారు. ఆ ఒత్తిడితో, హత్య, అత్యాచారం కేసుల్లో అభియోగానికి ముందే అప్పగించే విషయాన్ని సానుభూతితో పరిశీలిస్తామని అమెరికా ఒప్పుకుంది. పరిశీలిస్తామన్నదే గానీ అప్పగిస్తామనలేదు. ఆ ముగ్గురికీ నహా కోర్టు ఆరున్నర నుంచి ఏడేళ్ల జైలు వేసింది. ఒప్పందం అసలు పాఠం మాత్రం 1960 నుంచి అక్షరం మారలేదు. సర్దుబాట్లన్నీ పక్క కాగితాల్లోనే.

ఫిలిప్పీన్స్‌లో ఇదే గొడవ ఇంకో రూపంలో వచ్చింది. 1991లో సెనేట్ 12–11 ఓట్లతో అమెరికా స్థావరాల కొనసాగింపును తోసిపుచ్చింది. 1998లో సందర్శక బలగాల ఒప్పందంతో సైనికులు మళ్లీ రావడం మొదలైంది. కేసు ముగిసేదాకా నిందితుడు అమెరికా కస్టడీలోనే ఉండవచ్చని, విచారణ ఏడాదిలో తేలాలని అందులో రాశారు. 2005లో సుబిక్‌లో జరిగిన అత్యాచారం కేసులో మకాటి కోర్టు ఒక మెరైన్‌కు 40 ఏళ్ల శిక్ష వేసింది. నెల తిరగకుండానే, 2006 డిసెంబరు చివర్లో, అతణ్ణి స్థానిక జైలు నుంచి అమెరికా రాయబార కార్యాలయానికి తరలించారు. శిక్ష పడ్డాక ఫిలిప్పీన్స్ అధికారుల కిందనే ఉంచాలని 2009 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు అతణ్ణి నిర్దోషి అంది. 2014లో ఒలొంగపోలో ట్రాన్స్‌జెండర్ మహిళను చంపిన మరో మెరైన్ నరహత్య కింద దోషిగా తేలి, సైనిక శిబిరంలో ప్రత్యేక గదిలో శిక్ష అనుభవించాడు. 2020లో అధ్యక్షుడు దుతెర్తె అతనికి క్షమాభిక్ష పెట్టారు.

రాజకీయాల్లో

ఈ రాయితీలు ప్రభుత్వాలను కుదిపేసిన చరిత్ర ఇరాన్‌ది. ఐరోపావాళ్లకు ఇచ్చిన పాత న్యాయ మినహాయింపులను రెజా షా 1928లో రద్దు చేశాడు. అది జాతి గౌరవానికి గుర్తుగా నిలిచింది. ఆయన కొడుకు హయాంలో 1964 అక్టోబరులో ఇరాన్ పార్లమెంటు అమెరికా సైనిక సలహాదారులకు, వాళ్ల కుటుంబాలకు దౌత్యవేత్తలతో సమానమైన రక్షణ ఇచ్చింది. ఆ నెలలోనే కోమ్‌లో అయతొల్లా ఖొమైనీ ప్రసంగించాడు. అమెరికావాళ్ల వంటవాడు మతపెద్దను చంపినా ఇరాన్ కోర్టు తాకలేదని, అమెరికావాడి కుక్కను తొక్కిస్తే మాత్రం షాను కూడా నిలదీస్తారని ఎద్దేవా చేశాడు. నవంబరు 4న ఆయన్ను దేశం నుంచి వెళ్లగొట్టారు. ఆ ప్రవాసం 1979 విప్లవంతో ముగిసింది. విప్లవానికి కారణాలు చాలా ఉన్నా, ఆయన్ను ప్రవాసానికి పంపిన ప్రసంగం ఇదే.

ఇరాక్‌లో ఇదే ప్రశ్న సైన్యాన్నే వెనక్కి పంపింది. అమెరికాతో 2008లో కుదిరిన ఒప్పందం గడువు ముగుస్తుండగా, 2011 తర్వాత కూడా కొంత బలగం ఉంచాలంటే ఇరాక్ పార్లమెంటు న్యాయ రక్షణను ఆమోదించాలని అమెరికా పట్టుబట్టింది. ఆ ఓటు వేసే ధైర్యం అక్కడి పార్టీలకు లేకపోయింది. 2011 డిసెంబరు 18న చివరి దళం కువైట్‌లోకి దాటింది.

సైనికులు కానివాళ్ల విషయం ఇంకా గజిబిజి. శాంతికాలంలో విదేశీ స్థావరాల్లోని సైనికుల భార్యలను మరణశిక్ష పడగల నేరాలకు కోర్టు మార్షల్‌లో విచారించడం రాజ్యాంగ విరుద్ధమని 1957లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో ఆతిథ్య దేశం పట్టించుకోకపోతే విచారించే కోర్టే లేని మనుషులు తయారయ్యారు. ఆ కంతను పూడ్చే చట్టం 2000లో గానీ రాలేదు. 2007 సెప్టెంబరులో బాగ్దాద్ నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ కాంట్రాక్టు గార్డులు 17 మందిని కాల్చిచంపినప్పుడు, ఆక్రమణ అధికారులు జారీ చేసిన పదిహేడో ఉత్తర్వు వాళ్లను ఇరాక్ కోర్టులకు అందకుండా ఉంచింది. అమెరికా కోర్టులో 2014లో వాళ్లలో కొందరు దోషులుగా తేలారు, వాళ్ల శిక్షలు 2020 డిసెంబరులో అధ్యక్ష క్షమాభిక్షతో రద్దయ్యాయి.

శాంతి దళాలు, భారతదేశం

ఐక్యరాజ్యసమితి శాంతి దళాలకు నాటో తరహా పంపకం లేదు. 1990 నమూనా ఒప్పందం ప్రకారం దళాల్లోని సైనికుల నేరాలను విచారించే అధికారం పూర్తిగా పంపిన దేశానిదే. సమితికి సొంత కోర్టు లేదు, ఆతిథ్య దేశానికి చాలాసార్లు నడిచే కోర్టే ఉండదు. లైంగిక దోపిడీ ఆరోపణలు పెరిగాక, చర్య తీసుకోని దేశపు దళాన్ని మొత్తంగా వెనక్కి పంపేయవచ్చని భద్రతా మండలి 2016 మార్చిలో 2272వ తీర్మానంతో చెప్పింది. పంపేయడం శిక్ష కాదు. సాక్షులు కాంగోలోనో మధ్య ఆఫ్రికాలోనో ఉంటారు, కోర్టు మార్షల్ వేరే ఖండంలో జరుగుతుంది.

భారత్ ఇక్కడ పంపే దేశం. శాంతి దళాలకు ఎక్కువ మందిని ఇచ్చిన దేశాల్లో ఒకటి. 1950 సైనిక చట్టం 70వ సెక్షను ప్రకారం, పౌరుల మీద సైనికుడు చేసిన హత్య, అత్యాచారాలను మామూలుగా కోర్టు మార్షల్ విచారించకూడదు, సాధారణ కోర్టుకే పోవాలి. క్రియాశీల సేవలో ఉన్నప్పుడు, దేశం వెలుపల ఉన్నప్పుడు ఆ అడ్డు తొలగిపోతుంది. అంటే స్వదేశంలో సాధారణ కోర్టుకు పోవాల్సిన నేరం విదేశంలో జరిగితే సైన్యమే తేల్చుకోవచ్చు.

ఆతిథ్య దేశంగా భారత్ అనుభవం తక్కువ. స్వతంత్ర భారతంలో విదేశీ స్థావరాలు లేవు. 2016లో అమెరికాతో కుదిరిన సరఫరాల ఒప్పందం కూడా స్థావరాలకు వీలివ్వదు. 2019 నవంబరులో ‘టైగర్ ట్రయంఫ్’ విన్యాసాల కోసం విశాఖపట్నం, కాకినాడ తీరాలకు వచ్చిన అమెరికా మెరైన్లు కొద్ది రోజుల అతిథులే. అయితే ఎదుటివారి సైనికులను, పౌరులను అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి అప్పగించబోమని 2002 డిసెంబరు 26న రెండు దేశాలూ ఢిల్లీలో సంతకాలు చేశాయి.

పరాయి సైనికుల చేతిలో చనిపోయినవారి కేసు భారత కోర్టుల ముందుకు వచ్చింది సముద్రం మీదుగా. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి అవతల, ‘ఎన్రికా లెక్సీ’ అనే ఇటలీ చమురు నౌకకు కాపలా ఉన్న ఇద్దరు మెరైన్లు, సముద్రపు దొంగలనుకుని కాల్పులు జరపగా ఇద్దరు జాలరులు చనిపోయారు. నిందితులను అరెస్టు చేసింది కేరళ పోలీసులు. తర్వాత వాళ్లు మన కస్టడీ నుంచి ఇటలీకి ఎలా జారారన్నదే ఆ పోరాటంలో సగం. 2020లో మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్, వాళ్లు రాజ్యం తరఫున విధి నిర్వహిస్తున్నవారు కాబట్టి భారత కోర్టులకు అధికారం లేదని మూడు–రెండు ఓట్ల తేడాతో తేల్చింది. పరిహారం మాత్రం ఇటలీ ఇవ్వాలంది. పది కోట్ల రూపాయలు జమ అయ్యాక 2021 జూన్ 15న మన సుప్రీంకోర్టు కేసు మూసేసింది. విచారణ బాధ్యత అందుకున్న రోమ్‌లో, 2022 జనవరిలో న్యాయమూర్తి ఆ ఫైలును ముగించారు. ఏ దేశంలోనూ ఆ ఇద్దరూ బోనెక్కి తీర్పు వినలేదు.